పేరు లేని బటన్

అంధుల పాఠశాలకు సొంత వెబ్‌సైటు ఉండి తీరాలని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలల్లో పెట్టకపోతే బడి గుర్తింపు సంగతి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందని చివర్లో ఒక బెదిరింపు ముక్క కూడా ఉంది. పాలకవర్గం కార్యదర్శి ఆ ఉత్తరాన్ని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించి, కళ్ళజోడు పెట్టె టక్కున మూసి, "పెడదాం. పెట్టక చస్తామా! కానీ ఊరికే రావాలి," అన్నాడు.

ఊరికే వచ్చేవి ఉన్నాయని ఆఫీసు క్లర్కు చెప్పింది. నలభై దాటిన మనిషి, మాటకారి. సైటు కోసం ఇప్పుడు ఎవరూ మొదట్నుంచీ ప్రోగ్రాములు రాయనక్కర్లేదని, కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఒకటుంటుందని, దాన్ని పెట్టుకుంటే ఉత్తరం టైపు చేసినంత తేలిగ్గా పేజీలు రాసుకోవచ్చని, నోటీసులు ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చని, ఉచితంగా దొరికేవే బోలెడున్నాయని వివరించింది.

"బోలెడుంటే ఏది మంచిదో తేల్చడానికి ఒక కమిటీ వేద్దాం," అన్నాడు కార్యదర్శి.

ఊరికే వచ్చేదాన్ని ఎంచుకోవడానికి ముగ్గురు మనుషులు, మూడు వారాల గడువు. ముగ్గురిలో ఒకడు తనే. రెండోవాడు వైస్ ప్రిన్సిపాల్. మూడో మనిషి కోసం కాస్త తడుముకుని, "మన అంధుల్లోంచి కూడా ఒకరుంటే బావుంటుంది కదా," అన్నాడు. ఆ గొంతు తిరిగిన దిక్కును బట్టి అది తన గురించేనని బ్రెయిలు టీచరమ్మకు అర్థమైంది.

టీచరమ్మకు యాభై ఒకటి. నాలుగేళ్ళప్పుడు వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ చూపును పట్టుకుపోయింది. ఏడో ఏట ఇదే బడిలో చేరింది. మధ్యలో ట్రైనింగు కోసం వెళ్ళిన రెండేళ్ళు తీసేస్తే బతుకంతా ఈ గోడల మధ్యే గడిచింది. పన్నెండేళ్ళుగా బ్రెయిలుతోపాటు కంప్యూటర్ పాఠాలూ ఆమే చెబుతోంది. తెరమీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, పిల్లలు దానికి వాగుడుకాయ అని పేరు పెట్టారు. వాగుడుకాయ చెబుతుంది, వేళ్ళు కీబోర్డు మీద ఆడతాయి. మౌసు అన్న వస్తువు ఆమె గదిలో ఒక్కటీ లేదు.

కమిటీలోని వైస్ ప్రిన్సిపాల్ కూడా ఈ బడి పిల్లాడే. ఆమె తొమ్మిదేళ్ళప్పుడు ఆరేళ్ళవాడై వచ్చాడు. కుడికన్ను ఓ మూల నుంచి వాడికి కాస్త చూపుండేది. మొహం పక్కకి తిప్పి ఆ మూల నుంచే లోకాన్ని చూసేవాడు. అందుకే పిల్లలందరూ కిటికీ అనేవాళ్ళు. వీధిలో బండి వెళ్తే ఏ రంగుదో, ఆకాశంలో మబ్బు పట్టిందో లేదో, వంటమనిషి ఎవరికి గరిటె ఎక్కువ వేసిందో కిటికీయే చెప్పాలి. వాడికి చుక్కల అక్షరాలు నేర్పింది మాత్రం ఆమే. వేలు పట్టుకుని ఒక్కో చుక్కా తడిమించింది. అప్పట్నుంచి ఆమె వాడికి అక్క. పెద్దయ్యాక ఆ కాస్త చూపే వాడికి పెట్టుబడి అయింది. ఇద్దరూ ఒకే ఏడు టీచర్లుగా చేరితే, పది మందిలో తిరగగలడని, కాగితాలు చదవగలడని వాణ్ణి వైస్ ప్రిన్సిపాల్ చేశారు. ఆమె దానికి ఏడవలేదు. తమ్ముడు పైకొచ్చాడనే అనుకుంది.

కమిటీ పని కమిటీలో ఆమె ఒక్కతే పట్టించుకుంది. క్లర్కు మూడింటిని ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టి, పలకడానికి సులువని వాటికి తనే పేర్లు పెట్టింది. లోకంలో ఎక్కువమంది వాడేది పెద్దన్న. గీత గీసినట్టు పద్ధతిగా ఉండేది పంతులు. బొమ్మలు కదులుతూ, మౌసుతో ఎక్కడిదక్కడికి లాగి అలంకరించుకునేది సోకులరాణి.

"నువ్వు తెర ఆపెయ్," అంది టీచరమ్మ మొదటిరోజే.

"ఆపేస్తే నాకెలా కనిపిస్తుంది మేడమ్?"

"అదే కావాలి. నేనెలా చేస్తానో నువ్వూ అలాగే చెయ్యి."

బడి అయ్యాక రోజూ గంటన్నర చొప్పున ఇద్దరూ చీకటి తెర ముందు కూర్చున్నారు. పరీక్ష ఒక్కటే. లోపలికి వెళ్ళాలి, ఒక నోటీసు రాయాలి, శీర్షిక పెట్టాలి, బొమ్మ పెట్టి దాని కింద బొమ్మలో ఏముందో రాయాలి, తేదీ వెయ్యాలి, ప్రచురించాలి. చెవులు, వేళ్ళు తప్ప మరేదీ వాడకూడదు.

పెద్దన్న దగ్గర ఆ పనికి మొదటిసారి గంటంబావు పట్టింది. వాడి ఇంట్లో సామాను ఎక్కువ. ప్రతి మూలా ఏదో ఒకటి కాలికి తగులుతుంది. కానీ ఓపిక పడితే దారి ఉంది. పంతులు దగ్గర పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ప్రతి గడికీ పేరుంది, ప్రతి బటనూ తానేమిటో చెప్పుకుంది. ఇక సోకులరాణి ఇల్లు ఎక్కితే వాగుడుకాయ నోట ఒకటే మాట. "బటన్. బటన్. పేరు లేని బటన్. గ్రాఫిక్. బటన్." ఏది నొక్కితే ఏమవుతుందో తెలియదు. తేదీ వేసే క్యాలెండరు అయితే కీబోర్డుకు అసలు అందనే లేదు. రెండు రోజులు కుస్తీ పట్టి క్లర్కు చేతులెత్తేసింది. "ఇది ఇల్లు కాదు మేడమ్, గోడ. గోడకి తలుపుల బొమ్మలు వేశారంతే."

టీచరమ్మ అక్కడితో ఆగలేదు. పదో తరగతి పిల్ల ఒకతెను పిలిచి, ఏమీ చెప్పకుండా పంతులు ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఇరవై నిమిషాలు తడుముకుని, వంటగదిలో ఏ గిన్నె మూత ఏ శబ్దం చేస్తుందో, ఆ శబ్దాన్ని బట్టి ఆ పూట ఏం వండారో తాను ఎలా కనిపెడుతుందో ఒక పేజీ రాసి ప్రచురించింది. "ఇది బయటివాళ్ళు కూడా చదువుతారా టీచర్?" అని అడిగింది. చదువుతారని టీచరమ్మ చెప్పింది. అలా చెప్పి ఉండకూడదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇంట్లో ఆమె భర్త ఈ గొడవంతా విని నవ్వాడు. బేకరీలో పని అతనిది. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి పిండి వాసనతో తిరిగొస్తాడు. "ఊరికే వచ్చేదానికి ఇంత పరీక్షేంటి? ఏదో ఒకటి పెట్టేస్తే పోలా?"

"మీ బేకరీలో రొట్టె ఊరికే పంచుతామని బోర్డు పెట్టి, కొట్టు రెండో అంతస్తులో పెట్టి, మెట్లు కట్టకపోతే?"

"అప్పుడు రొట్టెలన్నీ మేమే తింటాం," అన్నాడతను. ఆ తర్వాత నవ్వు ఆపి, "రిపోర్టు గట్టిగా రాయి," అన్నాడు.

నాలుగు పేజీల రిపోర్టు రాసింది. ఏది ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో, పిల్లలే తమ సైటు తాము రాసుకుంటే ఎలా ఉంటుందో అన్నీ పెట్టింది. మీటింగుకు రెండు రోజుల ముందు కిటికీ గదికి తీసుకెళ్ళి ఇచ్చింది. వాడు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"బాగా రాశావక్కా. తర్వాత నిదానంగా చదువుతాను. నా ఓటు నీదే. ఇద్దరం ఒకటైతే ఆయనేం చేస్తాడు?"

"మాటేనా?"

"నీ దగ్గర అబద్ధమాడతానా?"

మీటింగుకు కార్యదర్శి ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన స్నేహితుడి కొడుకట, డిజైనరు. బడి మీద అభిమానంతో సైటు ఊరికే చేసి పెడతాడట. అతను ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూపిస్తున్నాడని, గదిలో వాళ్ళు 'ఆహా' అన్నప్పుడల్లా బొమ్మ మారుతోందని టీచరమ్మ గ్రహించింది. ఏది చూపిస్తున్నాడని పక్కనున్న క్లర్కును మెల్లగా అడిగింది. "సోకులరాణే మేడమ్," అంది క్లర్కు.

చూపించడం అయ్యాక కార్యదర్శి, "ఇంక చర్చ ఎందుకు? కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేయొచ్చు," అన్నాడు. అన్నాక తన మాట తనకే వినిపించి కాస్త దగ్గాడు.

"నావి ఎప్పుడూ మూసుకునే ఉంటాయి కానీ, సంతకం ముందు రిపోర్టు చదవండి," అంది టీచరమ్మ. ఆయన చదవలేదని ఆ మౌనమే చెప్పింది. తనే కంఠతా చెప్పింది. పదకొండు నిమిషాల సంగతి, కీబోర్డుకు అందని క్యాలెండరు సంగతి, పదో తరగతి పిల్ల రాసిన పేజీ సంగతి.

కార్యదర్శి ఓపిగ్గానే విన్నాడు. "అమ్మా, మీ కష్టం నాకు తెలుసు. కానీ ఒక్క మాట ఆలోచించండి. ఈ సైటు చూసేదెవరు? దాతలు. పై ఆఫీసు వాళ్ళు. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు. వాళ్ళందరికీ చూపుంది కదా?"

"మన పిల్లలు? వాళ్ళ ఫలితాలు, టైం టేబులు? ఇక్కడ చదువుకుని వెళ్ళిన మూడు వందల మంది?"

"వాళ్ళకేముంది, ఎవరో ఒకరు చదివి పెడతారు."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఏ మాట వినకుండా బతకాలని చుక్కలు నేర్చుకుందో, కీబోర్డు నేర్చుకుందో, ఆ మాటే ఇది. ఆమె తల కిటికీ ఉన్న వైపు తిప్పింది.

కిటికీ గొంతు సవరించుకున్నాడు. "టీచరు గారి శ్రమను కాదనలేం. కానీ బడికి ఒక హుందాతనం కూడా కావాలి. ఇప్పుడు చూపించినదాంట్లో ఆ నీలం రంగు ఎంత నిండుగా ఉంది! నా ఓటు దీనికే."

గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఎందుకో టీచరమ్మకు తెలియలేదు. తర్వాత కార్యదర్శి, "సరే, ఇద్దరం ఒకటి. అయిపోయింది," అన్నాడు.

వరండాలో కిటికీ ఆమె వెనకాలే వచ్చాడు. "అక్కా, కోపం తెచ్చుకోకు. కాస్త లోకం తీరు కూడా చూసుకోవాలి కదా."

"అలాగే సర్," అంది టీచరమ్మ. నలభై రెండేళ్ళలో వాణ్ణి నలుగురిలో తప్ప విడిగా సర్ అనడం అదే మొదలు.

సాయంత్రం క్లర్కు తాళాలు వేస్తూ చెప్పింది. "మేడమ్, ఒకటడుగుతాను. సారు నీలం రంగు అన్నారేంటి? గోడ మీద ఉన్నదంతా ఆకుపచ్చ. నీలం చుక్క కూడా లేదు. మేమందరం మొహాలు చూసుకున్నాం."

టీచరమ్మ ఇంటికి నడుస్తూ ఆ ముక్కనే నమిలింది. కొన్ని నెలలుగా కిటికీ కారిడార్‌లో నడుస్తుంటే గోడకు చొక్కా రాసుకునే చప్పుడు వినిపిస్తోంది. ఎదురుపడితే ముందుగా తనే పలకరించడం మానేశాడు, అవతలివాళ్ళ గొంతు వినేదాకా ఆగుతున్నాడు. రిపోర్టు 'తర్వాత నిదానంగా' చదువుతానన్నాడు. ఒక్కొక్కటీ పేర్చుకుంటే సంగతి తెల్లమైపోయింది. ఆ మూల చూపు కూడా పోయింది వాడికి. పోయిందని ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా.

జాలి పడాలి. పడలేకపోయింది. చూపు పోయినవాడికి తన ఓటు ఎవరికి కావాలో అందరికంటే ఎక్కువ తెలిసి ఉండాలి కదా! తెలిసే అటు వేశాడు. ఇటు వేస్తే ఎక్కడ అనుమానం వస్తుందోనని. భర్తకు కూడా చెప్పకుండా ఆ సంగతిని కడుపులోనే పెట్టుకుంది.

సైటు మొదలుపెట్టిన రోజు కార్యదర్శి ఉపన్యాసం ఇచ్చాడు. క్లర్కు చెవిలో చెప్పింది, "మొదటి పేజీలో పెద్ద ఫోటో మీదే మేడమ్. చుక్కల పుస్తకం మీద మీ చేతులు." ఆ ఫోటో ఎప్పుడు తీశారో, ఎవరిని అడిగి తీశారో ఆమెకు తెలియదు. మర్నాడు కంప్యూటర్ గదిలో పదకొండు మంది పిల్లలు తమ బడి సైటు తెరిచారు. పదకొండు వాగుడుకాయలు ఒకేసారి మొదలయ్యాయి. "గ్రాఫిక్. ఐఎంజీ నాలుగు సున్నా ఏడు రెండు. బటన్. బటన్. బటన్."

ఆ నాలుగు సున్నా ఏడు రెండు అన్న ఫోటో నంబరు తనేనని టీచరమ్మకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

"టీచర్, ఇది మన సైటేనా? వేరేదేమైనా కొట్టానా?" అంది గిన్నె మూతల గురించి రాసిన పిల్ల.

"మనదే."

"నేను రాసింది ఎక్కడుంది?"

టీచరమ్మ పంతులును ఆ గదిలోని ఒక కంప్యూటర్‌లో పెట్టి, పిల్లల రాతలన్నీ అందులో దాచింది. గదిలోని పదకొండు కంప్యూటర్లకే అది అందుతుంది. గుమ్మం దాటితే లేదు. పిల్లలు ఒకరి రాతలు ఒకరు చదువుకుని మెచ్చుకునేవాళ్ళు. ఆ తర్వాత మెచ్చుకోవడం తగ్గింది, రాయడమూ తగ్గింది. ఆమె పాలకవర్గానికి ఒక ఫిర్యాదు రాసి ఇచ్చింది. రెండు వారాలకు ఫలితం కనిపించిందని కార్యదర్శి స్వయంగా వచ్చి చెప్పాడు. సైటుకు పైమూల ఒక కొత్త బటన్ పెట్టించారు, అది నొక్కితే అక్షరాలు రెండింతలు పెద్దవవుతాయి. వాగుడుకాయ దాని దగ్గరికెళ్ళి "బటన్" అని ఊరుకుంది.

ప్రవేశ పరీక్షల కాలం వచ్చింది. కొత్త పిల్లలకు ఉన్నవి పన్నెండు సీట్లు. పరీక్ష పదహారో తారీఖున జరిగింది, పన్నెండూ నిండాయి. పదిహేడో తారీఖు పొద్దున్నే టీచరమ్మ బడి మెట్లెక్కుతుంటే పై మెట్టు దగ్గర ఒక చిన్నపిల్ల గొంతు లెక్కపెడుతోంది. "ఏడు, ఎనిమిది, తొమ్మిది... అమ్మా, తొమ్మిదే మెట్లు!"

తల్లి లేచి నిలబడింది. "పరీక్ష ఎన్నింటికండీ? రాత్రంతా బస్సులోనే ఉన్నాం. రెండు బస్సులు మారాం."

"పరీక్ష నిన్న అయిపోయిందమ్మా."

"లేదండీ, ఇవాళే. మీ సైట్లోనే చూశాను. ఇదిగో ఫోన్లో ఉంది చూడండి, పదిహేడు అని." ఆమె ఫోన్ టీచరమ్మ చేతికి తాకించి, తాకించాక ఎదుటి మనిషి కళ్ళను గమనించినట్టుంది. ఫోన్ మెల్లగా వెనక్కి తీసుకుంది.

టీచరమ్మ వాళ్ళను వెంటబెట్టుకుని కార్యదర్శి దగ్గరికెళ్ళింది. ఇంకొక్క సీటు ఇమ్మని బతిమాలింది. మంచాలు పన్నెండేనని, పై ఆఫీసు ఒప్పుకోదని, వచ్చే ఏడు ముందుగా చూస్తామని ఆయన చెప్పాడు. తల్లి గొడవ చెయ్యలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయింది. మెట్లు దిగుతూ పిల్ల మళ్ళీ లెక్కపెట్టింది.

మూడో రోజు క్లర్కు ఏడుస్తూ కంప్యూటర్ గదికి వచ్చింది. చేతిలో మెమో. తప్పుడు తేదీ వేసి ఒక కుటుంబాన్ని ఇబ్బంది పెట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట.

"నేను టైపు చేసి పెట్టిన నోటీసుకు తేదీ వేసేది వైస్ ప్రిన్సిపాల్ సారు కదా మేడమ్! ఆ పని ఆయనకే అప్పగించారు. ఎవరు వేశారని అడిగితే, 'ఆఫీసులో వేసుంటారు' అన్నారట. ఆ రోజు నేను పన్ను పీకించుకోవడానికి సగం పూట సెలవు పెట్టాను. ఆ మాటే చెప్పాను. పాస్‌వర్డు నీ దగ్గరుంటుంది కాబట్టి బాధ్యత నీదేనంటున్నారు."

టీచరమ్మకు జరిగింది కళ్ళకు కట్టినట్టు తెలిసింది. క్యాలెండరు కీబోర్డుకు అందదు. వాడు మౌసు పట్టుకుని, పాత అలవాటు మీద, అక్కడ ఉండాలి అనుకున్న చోట నొక్కాడు. ఒక్క గడి పక్కకు పోయింది.

మెమో క్లర్కు దగ్గరే ఉంచమంది. ప్రింటరు పక్కనున్న కొత్త కాగితాల కట్టలోంచి ఒకటి లాగి, మధ్యకు మడిచి, కిటికీ గదికి వెళ్ళింది. మధ్యాహ్నం, గంట కొట్టాక. గదిలో వాడు ఒక్కడే ఉన్నాడు.

"సర్, క్లర్కుకు మెమో ఇచ్చారు. మీరొకసారి చూడండి." కాగితం వాడి చేతిలో పెట్టింది.

వాడు మడత విప్పాడు. కాగితం కాసేపు గాలిలో ఉంది. "చూశానక్కా. కాస్త ఘాటుగానే రాశారు. నేను మాట్లాడతాలే."

"ఏమని రాశారురా?"

"అదే... సంజాయిషీ ఇవ్వమని."

"అది తెల్లకాగితంరా."

ఇంత క్రూరత్వం తనలో ఉందని టీచరమ్మకు అప్పటిదాకా తెలియదు. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

వాడు కాగితాన్ని మళ్ళీ మడిచాడు. "ఏడాదిన్నర అయిందక్కా. మొదట మసక. తర్వాత అదీ లేదు. ఆసుపత్రిలో ఇక రాదన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది నా చదువు చూసా? ఈ మూలలో కాస్త కనిపిస్తుందని. అది లేదంటే నేను..."

"నువ్వు నాలాంటివాడివి. అంతేగా? అదంత నామోషీనా?"

వాడు కాదనకపోవడమే ఆమెకు ఎక్కువ తగిలింది.

"పంతులుకు ఓటు వేసుంటే ఈపాటికి నోటీసులు నువ్వే వేసుకునేవాడివిరా, వేళ్ళతో, ఎవరికీ తెలియకుండా! నేనే నేర్పేదాన్ని. ఆ పిల్ల ఈపాటికి మన బడిలో ఉండేది. సరే, అది పోయింది. కానీ ఆ క్లర్కును మాత్రం బలిపెట్టనివ్వను. రేపు సాయంత్రంలోగా నువ్వే నిజం రాసివ్వు. లేకపోతే నేను చెబుతాను."

ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు అంతా చెప్పింది. అతను విని, "అంత గట్టిగా పట్టుబట్టాల్సిందేనా? వాడి కుర్చీ పోతుంది," అన్నాడు.

"ఆవిడ ఉద్యోగం పోతే?"

అతను లేచి ఇద్దరికీ అన్నం వడ్డించాడు.

కిటికీ గడువు దాటనివ్వలేదు. మర్నాడే రాసిచ్చాడు. తనకు చూపు పూర్తిగా పోయిందని, తేదీ తనే తప్పు వేశానని, క్లర్కుకు సంబంధం లేదని. ఆ క్యాలెండరు కీబోర్డుతో పనిచేయదని, అంధులు ఎవరు వాడినా ఇలాంటి తప్పే జరుగుతుందని, బ్రెయిలు టీచరు మొదట్లోనే హెచ్చరించారని కూడా రాశాడు. ఆ సంగతి క్లర్కు చెప్పగా విని టీచరమ్మ మనసు కాస్త మెత్తబడింది. ఇప్పటికైనా పాలకవర్గానికి కళ్ళు తెరుచుకుంటాయనుకుంది. తన రిపోర్టు మళ్ళీ ప్రింటు తీసి సిద్ధంగా పెట్టుకుంది.

పాలకవర్గం సమావేశమైంది. ఆమెను పిలవలేదు. మరుసటి సోమవారం నోటీసు బోర్డు మీద తీర్మానం అతికించారు. ఆ బోర్డు మీద ఎప్పుడూ అచ్చు కాగితాలే ఉంటాయి. క్లర్కు ఆమె పక్కన నిలబడి చదివింది.

"ఒకటి. ఆఫీసు క్లర్కుకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోవడమైనది. రెండు. వైస్ ప్రిన్సిపాల్ గారి ఆరోగ్య కారణాల దృష్ట్యా వారిని ఆ బాధ్యతల నుంచి తప్పించి బోధనకు మార్చడమైనది." అక్కడ క్లర్కు ఆగింది.

"చదువు."

"మూడు. జరిగిన పొరపాటును దృష్టిలో ఉంచుకొని, ఇకపై పాఠశాల వెబ్‌సైటుకు సంబంధించిన పనులేవీ చూపు లేని సిబ్బందికి గాని, విద్యార్థులకు గాని అప్పగించరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

టీచరమ్మ కాసేపు అక్కడే నిలబడింది. క్లర్కు ఆమె చెయ్యి పట్టుకోబోతే వద్దంది. గదికి వెళ్ళి, సిద్ధంగా పెట్టుకున్న నాలుగు పేజీలను బల్ల సొరుగులో పడేసి, గంట కొట్టేదాకా ఏమీ చెయ్యకుండా కూర్చుంది. ఎవరూ ఎవరికీ ద్రోహం చెయ్యాలనుకోలేదు. కార్యదర్శి బడి మేలే కోరాడు. డిజైనరు ఊరికే పనిచేసి పెట్టాడు. కిటికీ చివరికి నిజమే చెప్పాడు. తను న్యాయం కోసమే పట్టుబట్టింది. అందరూ కలిసి బడికి ఈ మూడో నంబరు తీర్మానాన్ని సంపాదించి పెట్టారు. ఇంతకుముందు అలవాటుగా ఉన్నదాన్ని ఇప్పుడు రాతలో పెట్టారంతే. ఆ నిజం రాయమన్నది తనే.

వారం తర్వాత, కంప్యూటర్ తరగతి మొదలవబోతుంటే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. ఆ నడక ఎవరిదో పిల్లలకు కూడా తెలుసు. గది ఒక్కసారిగా సద్దుమణిగింది.

"వెనకాల ఖాళీ ఉందా?" అన్నాడు కిటికీ. "నేర్చుకుందామని వచ్చాను."

రానివ్వకపోతే వాడు ఎక్కడికి వెళ్తాడు? వాడికి నేర్పగలిగినవాళ్ళు ఈ బడిలో ఇంకెవరూ లేరు. రానిస్తే మాత్రం పాత రోజులు తిరిగొస్తాయా?

"చివరి కుర్చీ. ఎడమ చేతి వైపు," అంది.

వాడు కుర్చీలు తడుముకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. వేళ్ళు కీబోర్డు మీద అటూ ఇటూ తప్పటడుగులు వేస్తున్నాయి. గిన్నె మూతల పిల్ల తన కుర్చీ జరిపి, "ఎఫ్ మీదా జె మీదా చిన్న గీతలుంటాయి సర్, అక్కడ పెట్టుకోండి వేళ్ళు," అని చెప్పింది.

"అక్కా," అన్నాడు వాడు కాసేపటికి, మెల్లగా. "ఇది చాలా వేగంగా చదువుతోంది. అందుకోలేకపోతున్నాను."

"వేగం తగ్గించుకోవచ్చు. మెనూలో ఉంటుంది," అంది టీచరమ్మ. ఎలా తగ్గించాలో చెప్పింది. తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాడు. ఆమె ముందు వరుసలో ఇంకో పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయింది.